తడి పడుగుకు కత్తెర

డెబ్భై ఒకటి డిసెంబరు. మన సైన్యం తూర్పు పాకిస్తాన్‌లో అడుగుపెట్టిందని రేడియో చెప్పగానే వరంగల్ సాలెవాడలో మగ్గాలన్నీ ఆగిపోయాయి. ఎవరి నోట విన్నా అదే సంబరం. సరోజనది మాత్రం ఎదురీత. రెండు రోజుల్లో జరగబోయే కాలేజీ వక్తృత్వపు పోటీలో ఆమెకు చీటీలో వచ్చిన పక్షం: ఎంత ఘోరం జరుగుతున్నా పరాయి దేశం హద్దు దాటరాదు, దాటితే లోకంలో చట్టమన్నదే మిగలదు. మొదట ఏడ్చింది గాని, చదివేకొద్దీ అదే నిజమని నమ్మింది. ఆ పిల్లకు పుస్తకం తలకెక్కితే ఒక పట్టాన దిగదు.

వాడకూ ఒక చట్టముంది. మగ్గానికెక్కే నిలువు పోగుల పడుగును సందు పొడవునా సాగదీసి గంజి పెట్టాక, తడి ఆరేదాకా ఎవరూ కదపరాదు. కదిపితే పోగులు చిక్కుపడి నూలంతా పాడవుతుంది; కదిపినవారి ఇంటి పడుగుకు ఇక ఎవరూ సాయం రారు. పదిమంది చెయ్యి పడనిదే పడుగు సాగదు, ఇల్లు గడవదు.

పోటీకి ముందురోజు పొద్దున సందు నిండా లింగమూర్తి పడుగు, బయటికి వేరే దారి లేదు. దాని ముందు రిక్షా వచ్చి ఆగింది. అందులో పక్కింటి రాజక్క, పురిటి నొప్పులతో మెలికలు తిరుగుతోంది.

"బిడ్డ కాలు ముందుగాల అచ్చింది! కిందికి దించితే ఇద్దరు దక్కరు. దవాఖానకు ఉరుకుండ్రి!" మంత్రసాని రాములవ్వ అరిచింది.

అందరూ పడుగు వంక చూస్తూ నిలబడ్డారు. చూస్తూ! సరోజనకు ఒళ్ళు మండింది. కత్తెర తెచ్చి పరపరా కోసేసింది. రిక్షా దూసుకుపోయింది.

మధ్యాహ్నానికి కబురొచ్చింది: ఆడపిల్ల, తల్లీబిడ్డా క్షేమం! వాడంతా కేకలు. ఆ కేకల మధ్యనే కులపెద్దలు కూర్చున్నారు. సరోజన తండ్రి నర్సింగం మొహంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు.

"పాణం కాపాడినవ్ బిడ్డా, కాదన," అన్నాడు లింగమూర్తి. "మళ్ళ గిట్ల చెయ్యనని ఒక్క మాట చెప్పు. ఇడిసిపెడ్తం."

ఒక్క మాట! సరోజన తల అడ్డంగా ఊపింది.

"తప్పు చేసిన పెద్దబాపూ. నీ కష్టం కోసిన. గాని గట్లనే అయితే మళ్ళ కోస్త. కోసి, మళ్ళ గీడికే అచ్చి కూసుంట. మన కట్టుబాటు ఉత్తదని మాత్రం అన."

అంటుండగానే ఆమెకు రేపు చెప్పవలసింది దొరికింది. హద్దు దాటక తప్పని రోజు రావచ్చు, దాటినవాడు హద్దే లేదనకూడదు, వచ్చి జవాబు చెప్పుకోవాలి. సంతోషంతో ఒళ్ళు పులకరించింది.

పెద్దలు గుసగుసలాడారు. "తెగిన పోగులన్నీ నువ్వే అతకాలె. ఎవ్వలు సాయం రావద్దు," అన్నారు.

"సరే!"

సరోజన కూర్చుని మొదటి పోగు అందుకుంది. తెగిన రెండో కొస కోసం వెతికింది. అది అప్పటికే లింగమూర్తి చేతిలో ఉంది.