పంజరంలో ఫినాయిలు

...అయినా దగ్గు ఏ రోజు మొదలైందో రాసిపెట్టుకునేవాడు ఎవడుంటాడు, అనుకున్నాడతను. జ్వరమైతే ఒళ్లు కాలి తన రాక తెలియజేస్తుంది. దగ్గు పిలవని చుట్టం లాంటిది. ఎప్పుడొచ్చి కూర్చుందో ఎవరూ చూడరు, ఎప్పుడు లేస్తావని అడగనూ లేరు. పిట్టలొచ్చాకే వచ్చిందని తాను అన్నాడంటే, అన్నప్పుడు అలాగే అనిపించింది మరి.

వెనక బాల్కనీలో, గోడకానించిన పంజరంలో పదకొండు ఫించ్ పిట్టలు. ఎర్ర ముక్కులు, గుప్పిట్లో ఇమిడే ఒళ్లు. మోకాళ్ల నొప్పులతో కుట్టుపని టీచరు ఉద్యోగం మానేశాక భార్య కొనుక్కుంది. పొద్దున్నే అడుగున కాగితాలు మార్చేది, గిన్నెలు వేణ్ణీళ్లతో కడిగేది, గింజల మీది పొట్టు ఊదేసి కొత్తవి పోసేది.

అతను ముప్పయ్యొక్కేళ్లు ఆసుపత్రి ల్యాబులో పనిచేసి రిటైరయ్యాడు. కళ్లె గాజు పలక మీద పూసి, రంగులు వేసి, మైక్రోస్కోపులో చూడటం అతని పని. నీలి నేల మీద సన్నటి ఎర్ర పుల్లల్లా క్షయ క్రిములు కనిపిస్తే కాగితం మీద గుర్తు పెట్టి, చిన్న కిటికీలోంచి అవతలికి తోసేవాడు. అందుకున్న చేతులు చూసేవాడు గాని ముఖాలు చూసేవాడు కాదు. క్రిముల విషయంలో ఇంట్లో అతని మాటకు ఎదురు లేదు. అందుకే, "ఆ రెట్టల దుమ్ము వల్లే నాకీ దగ్గు" అని అతను అన్న రోజు భార్య వాదించలేదు. ముక్కుకి గుడ్డ కట్టుకుని, దుమ్ము లేవకుండా తడిపి తుడవడం మొదలుపెట్టింది.

అతనికది చాలలేదు. ఆమె కూరగాయలకు వెళ్లినప్పుడల్లా పంజరం కింది పళ్లెంలో ఫినాయిలు పోసేవాడు, నీళ్లు కలపకుండా. పోశాక కాసేపు ప్రాణం కుదుటపడేది. పదో రోజుకి రెండు పిట్టలు ఈకలు ఉబ్బించుకుని, ఊపిరి తీసినప్పుడల్లా తోక ఆడిస్తూ ఓ మూల కూర్చున్నాయి.

"చూశావా, రోగముందని చెప్పానా?" అన్నాడు. ఆ మాటలో సంతోషం లాంటిదేదో వినబడి తనే ఉలిక్కిపడ్డాడు. పిట్టలకు రోగముంటే తనకు లేనట్టే.

గురువారం వాటిని అట్టపెట్టెలో పెట్టుకుని పశువుల డాక్టరు దగ్గరికి వెళ్లారు. ఆవిడ రెట్ట పరీక్ష చేసి ఏమీ లేదంది. ఒక పిట్టను ముక్కు దగ్గరికి తెచ్చుకుంది.

"దేంతో కడుగుతున్నారమ్మా?"

"వేణ్ణీళ్లతోనే," అంది భార్య.

"ఫినాయిలు వాసన కొడుతోంది. వీటి ఊపిరితిత్తులు ఆ ఘాటును తట్టుకోలేవు. రోగం కాదిది, గాలి మారితే తేరుకుంటాయి."

"మరి మా ఆయన దగ్గు?"

"పిట్టల వల్ల అసలు రాదని చెప్పను. ఇవి రాకముందు లేదా?"

"అది ఆయనకే తెలియాలి."

దొంగకు తేలు కుట్టినట్టు అతను అట్టపెట్టె మూత సర్దుతూ కూర్చున్నాడు.

ఇంటికొచ్చాక ఆమె ఒకటే అంది. "ఆదివారం చెల్లి వచ్చి తీసుకెళ్తుంది."

తన కోసం వాటిని వదులుకుంటోందని అతను రెండు రోజులు నమ్మాడు. కొంత గర్వపడ్డాడు కూడా. శనివారం ఆమె కూరగాయలకు వెళ్తూ బాల్కనీ తలుపుకి తాళం వేసి, తాళంచెవి సంచిలో వేసుకుంది. అప్పుడర్థమైంది, ఆమె కాపాడుతున్నది తనను కాదు, తన నుంచి పిట్టల్ని.

ఆదివారం పొద్దున్నే మరదలు వ్యాను మాట్లాడుకుని దిగింది. భార్య అప్పటికే పంజరం చుట్టూ దుప్పటి కప్పి కట్టేసింది. లోపల కిచకిచలు సద్దుమణిగాయి.

"పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమంటే వినడమే గాని చూడలేదు బావా," అంది మరదలు. "ఈ పిడికెడు పిట్టలకా మీరు భయపడింది?"

"ఊరుకోవే," అంది భార్య. గింజల డబ్బా తుడిచిన చోటే మళ్లీ తుడుస్తోంది.

"సరే, ఆ కొస పట్టండి బావా. వ్యానువాడు కింద హారను మీద చెయ్యి తియ్యడం లేదు."

అతను వంగాడు గాని ఎత్తలేదు. రిటైరైన రోజు సన్మానంలో మాట్లాడబోతే దగ్గు తెర వచ్చింది. ఎవరో మంచినీళ్లందించారు. అదేమిటో అనుమానం లేక కాదు. ఒప్పుకుంటే ల్యాబుకి వెళ్లాలి. ఈసారి కిటికీకి అవతల చాచవలసిన చేతులు తనవి. పిట్టలు కొన్నది ఆ తర్వాత నెలలో.

"దగ్గు పిట్టల కంటే ముందే వచ్చింది," అన్నాడు.

"తెలుసు," అంది భార్య. "సన్మానానికి నేనూ వచ్చాగా."

"ఫినాయిలు..."

"అదీ తెలుసు."

"రేపు ల్యాబుకెళ్లి కళ్లె ఇచ్చొస్తాను."

మరదలు ఇద్దరి వంకా చూసింది. "ఇంతకీ నేనీ కొస ఎత్తాలా, దించాలా?"

అతను దుప్పటి ముడి మీదికి చెయ్యి పోనిచ్చాడు.

"ముందు చేతులు కడుక్కోండి," అంది భార్య.

వెళ్లి సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని వచ్చి, ముడి విప్పాడు.