ఖాళీ తొట్టి

ధరూర్ దాటాక జంగయ్య చేనిలో పాత బావిని లోతు చేస్తున్నారు. ఆ బావి గట్టు మీద క్రేను పిడి సుగ్రా బేగం చేతిలో ఉంటుంది. ఆడమనిషి క్రేను నడపడమేమిటని మొదట్లో పళ్లికిలించిన వాళ్లంతా ఇప్పుడు నోళ్లు మూసుకున్నారు. ఆమె మొగుడు బషీర్‌కైతే పైన ఆ చెయ్యి లేకపోతే బావిలోకి దిగడానికి కాలాడదు.

పిడి పైకి నెడితే తొట్టి పైకి వస్తుంది, కిందికి లాగితే కిందికి పోతుంది. బషీర్ అడుగున బండ పేల్చడానికి మందు కూరి, వత్తులు అంటించి తొట్టిలో కూర్చుంటాడు. అవి కాలేలోపు అతన్ని పైకి లాగెయ్యాలి. ఒక బీడీ కాలినంత సేపు కూడా ఉండదు. అందుకే నిప్పు ముట్టించే ముందు ఖాళీ తొట్టిని ఒకసారి పైకీ కిందికీ ఆడించి చూస్తారు. తొట్టి ఆడందే బషీర్ జేబులోంచి అగ్గిపెట్టె తియ్యడు.

ఆ రోజు పొద్దున్నే కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ తీసి వేరేది పెట్టారు. కరెంటు రాగానే సుగ్రా పిడి పైకి నెట్టింది. తొట్టి కిందికి దిగింది. ఆమె కంగారేమీ పడలేదు. వచ్చే మూడు తీగల్లో ఏ రెండు అటూ ఇటూ అయినా మోటరు ఉల్టా తిరుగుతుందని ఇక్కడ అందరికీ తెలుసు. అప్పుడు ఎవరి స్టార్టర్ డబ్బా వాళ్లు విప్పి, రెండు తీగలు మార్చుకుని మూసేస్తారు. పక్కవాడికి ఒక మాట చెబుదామన్న ధ్యాస మాత్రం ఏ ఒక్కరికీ ఉండదు. సుగ్రా కూడా కరెంటు ఆపి తన డబ్బాలో తీగలు మార్చుకుంది. బషీర్‌ను దించింది. అతను మందు కూరాక ఖాళీ తొట్టి ఆడించి చూసింది. అంతా బాగుంది.

"ముట్టియ్యి!" అని కేకేసింది.

అదే లైను మీద జంగయ్య బోరు ఉంది. దాని మోటరూ పొద్దుట్నుంచి ఉల్టాగానే తిరుగుతోంది. పైపులోంచి నీళ్లు పసిపిల్లాడు పోసినట్టు సన్నగా పడుతున్నాయి. బోరు ఎండిపోయిందని లబోదిబోమంటూ జంగయ్య ట్రాన్స్‌ఫార్మర్ వైపు పోవడం సుగ్రా చూసింది. చూసి, తన పనిలో తాను పడింది.

"అంటిచ్చిన! గుంజు!" బావిలోంచి బషీర్ గొంతు.

పిడి నెట్టింది. తొట్టి మనిషెత్తు లేచి ఆగిపోయింది. కరెంటు పోయింది.

"యా అల్లా! కరెంటియ్యుండ్రి!" అని సుగ్రా గొంతు చించుకుంది. గాలి అటునుంచి వీస్తోంది. రెండు చేన్ల అవతల ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎవరో వంగి ఉన్నారు. ఎవరూ ఇటు తిరగలేదు. బావిలోంచి పొగ వాసన వస్తోంది. బావికి మెట్లు లేవు. తాడు పట్టుకుని ఎగబాకేంత ఎత్తా అది?

మోటరు గుర్రుమంది. కరెంటు వచ్చింది. ప్రాణం లేచొచ్చి పిడి పైకి నెట్టింది. తొట్టి కిందికి పోయింది.

"సుగ్రా! ఏంజేస్తున్నవే? మీదికి!"

బ్రేకు జారిందనుకుని ఇంకా గట్టిగా నెట్టింది. తొట్టి అడుగుకు తాకింది. తాడు వదులై ఊగింది. నా చేతులతో నేనే చంపుకుంటున్నాను అనుకుంది.

అప్పుడు వినిపించింది, చేనవతల నీళ్ల చప్పుడు. జంగయ్య బోరు పైపులోంచి నీళ్లు లావుగా దూకుతున్నాయి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే తీగలు మార్చేశారు. అక్కడ సరిగ్గా తిరిగిందంటే, తాను ముందే మార్చుకున్న ఇక్కడ ఉల్టా తిరిగినట్టే.

పిడి కిందికి లాగాలి. మొగుడు కింద ఉండగా కిందికి లాగడానికి ఆ చెయ్యి ఒప్పుకోలేదు. కళ్లు గట్టిగా మూసుకుని లాగింది. తాడు బిగిసింది. తొట్టి లేచింది.

బషీర్ గట్టు మీద పడటం, ఇద్దరూ లేచి ఉరకడం, వెనక బావి దద్దరిల్లి రాళ్లు ఎగరడం అన్నీ ఒక్కసారే అయ్యాయి.

దుమ్ములోంచే జంగయ్య వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "సుగ్రమ్మా, నా బోరు ఎండలే! తీగలే ఉల్టా ఉండె. ట్రాన్స్‌ఫార్మర్ కాడనే మార్పిచ్చిన. సూడు ఎట్ల దుంకుతున్నయో!"

"నువ్వు మార్పిచ్చినప్పుడు ఈయన వత్తులంటిచ్చి కింద ఉండె, అన్నా."

జంగయ్య బావి వైపు చూశాడు. దుమ్ము కొట్టుకున్న బషీర్‌ను చూశాడు. "నాకు తెల్వదమ్మా... నువ్వు డబ్బా విప్పినట్టు నాకు తెల్వదు."

"నేను చెప్పలే. నువ్వు అడగలే." అని సుగ్రా ఏడ్చింది.

పొగంతా పోయేసరికి పొద్దు వాలింది. పగిలిన రాళ్లు ఎత్తాలి. సుగ్రా మళ్లీ తన డబ్బాలో తీగలు మార్చింది. బషీర్ లేవబోతే భుజం పట్టి కూర్చోబెట్టింది.

"ఇయ్యాల ఖాళీ తొట్టి సాలదు. జంగయ్యన్నా, నువ్వు కూసో."

జంగయ్య తువ్వాల తీసి గట్టు మీద పెట్టాడు. తొట్టిలో కూర్చున్నాడు. తొట్టి దిగింది. కాసేపటికి అడుగునుంచి సన్నగా గొంతు వచ్చింది.

"సుగ్రమ్మా... జర ట్రాన్స్‌ఫార్మర్ దిక్కు సూడమ్మా. ఎవరన్న ఉన్నరా?"

సుగ్రా చూసింది.

"ఎవరు లేరన్నా. గట్టిగ పట్టుకో," అని పిడి పైకి నెట్టింది.