వెండి మీది నలుపు

మబ్బు కమ్మిన మధ్యాహ్నం. సముద్రం దగ్గరి ఉప్పుతేమలో రొయ్యల చెరువు కునుకు తీస్తున్నట్టుంది. నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్ చక్రాల గలగల జోలపాటలా సాగి, ఒక్కసారిగా ఆగిపోయింది.

గట్టు మీద కళ్లు మూసుకున్న ప్రిస్కిల్లా కలలోంచి జారిపడ్డట్టు లేచింది. వాళ్ల ఇంట్లో బీటెక్ చదివిన మొదటి మనిషి ఆమే. చెరువు నాన్న ఐజాక్ కౌలుకు తీసుకున్నది; వచ్చే వారమే పట్టుబడి, రొయ్యలు పట్టి అమ్మే రోజు.

"అమ్మాయిగారూ, రొయ్యలు పైకి తేలిపోతున్నాయండీ!" తెప్ప మీద మేత చల్లుతున్న బుల్లియ్య కేకేశాడు. నీళ్లకు గాలి అందకపోతే ఇంకాసేపట్లో పంటంతా చచ్చి తేలుతుంది.

మెయిన్ స్విచ్చి తీసేసి ఆమె మోటారు స్టార్టర్ డబ్బా విప్పింది. కాలిన వాసన. లోపల కరెంటును కలిపే కాంటాక్టులు గుంటలు పడి, ఎర్రటి రాగి బయటపడి, దాని మీద పచ్చని చిలుము పట్టి ఉన్నాయి.

"జరుగమ్మా, రెండు రుద్దులు రుద్దితే తళతళలాడిపోతాయి." పరుగున వచ్చిన ఐజాక్ జేబులోంచి గరుకు కాగితం తీశాడు. ఆదివారం ఆరాధనకని శనివారం ఇంట్లో ఇత్తడి సామానంతా తోమించాక, ఆయన మెయిన్ తీసి ఈ కాంటాక్టుల్నీ మెరిపించేవాడు. ప్రభువు దినాన ఏదీ మాసి ఉండకూడదని.

"ఎప్పట్నించి రుద్దుతున్నావు నాన్నా?"

"మోటారు పెట్టిన కాణ్నించీ. ఏం, తప్పా?"

"వీటి మీద వెండి ఉండేది. కాంటాక్టులు విడిపోయినప్పుడల్లా నిప్పు లేచి కాస్త కాస్త కొరికింది. మిగిలింది నువ్వు అరగదీశావు. రాగి కనబడితే ఈ ఉప్పుగాలి ఊరుకుంటుందా?" నాన్న మొహం చూసి ఆమె ఆపేసింది.

చెరువు మూలన నీళ్లు తోడే మోటారుకు ఇలాంటి డబ్బాయే ఉంది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. కాంటాక్టులు మసిబొగ్గులా ఉన్నాయి. ఆమె వాటిని ఊడదీసింది.

"ఇవి బిగిస్తావేంటి ఇంజినీరమ్మా! పొయ్యిలోంచి తీసినట్టున్నాయి. కాస్త రుద్దనీ."

"వద్దు. నలుపు పైపైనే, కింద వెండి ఉంది. ఈ నలుపున్నా కరెంటు పారుతుంది."

"పారకపోతే?"

ఆమె ఆ నల్లటివాటినే ఏరియేటర్ డబ్బాలో పెట్టింది. అంతా చదివిందే, చేత్తో చేసింది కాదు. ఐజాక్ కాగితాన్ని జేబులో కుక్కుకుని స్క్రూలు ఒక్కొక్కటే అందించాడు.

మూత బిగించి, మెయిన్ వేసి, బటన్ నొక్కింది. లోపల టక్కుమంది. చక్రం ఒకటి బద్ధకంగా కదిలింది. తర్వాత అన్నీ. నీళ్లు తెల్లగా లేచి, మబ్బులోంచే రాలుతున్నట్టు పడ్డాయి. నీటి మీద సన్నని గీతల్లా కదులుతున్న రొయ్యల మీసాలు, నిద్రలో మరిచిపోయే పేర్లలా, ఒకటొకటిగా నీళ్లలోకి మాయమయ్యాయి. ఒక మూల మాత్రం కొన్ని వెల్లకిలా తేలే ఉన్నాయి. బుల్లియ్య వల తీసుకుని అటు తెప్ప నడిపాడు.

ఐజాక్ ఊపిరి వదిలి, అంతలోనే అదిరిపడ్డాడు.

"పిల్లా! మొన్న శనివారం మీ డేనియల్ మావయ్య చెరువు డబ్బా కూడా నేనే రుద్దొచ్చానే!"

"కొత్త కాంటాక్టులు రాజోల్లో దొరుకుతాయి. రెండు జతలు తెస్తాను. నువ్వెళ్లి ఆయనకి మోటారు ఆపొద్దని చెప్పు, ఆపితే మళ్లీ అందుకోదు."

ఆయన అప్పటికే పంచె ఎగ్గట్టి, పక్క చెరువు గట్టు మీద పరుగందుకున్నాడు.