అన్నీ ఆడవే

మా ఆయన విశ్వనాథం గారు ప్రభుత్వ కాలేజీలో జువాలజీ చెప్పి, చివరికి ప్రిన్సిపాల్‌గా రిటైరయ్యారు. ఉద్యోగంలో ఉన్నంతకాలం నాచారంలో మా కాలనీ పిల్లల సర్టిఫికెట్ల జిరాక్సులన్నీ అటెస్టేషన్‌కి ఆయన దగ్గరికే వచ్చేవి. ఒరిజినల్ కళ్లతో చూడందే సంతకం పెట్టేవారు కాదు. సొంత తోడల్లుడి కొడుకుని కూడా ఒరిజినల్ తెచ్చుకోమని వచ్చిన ఆటోలోనే వెనక్కి పంపిన ఘనుడు. రిటైరయ్యాక సంతకాల అవసరం తీరిపోయింది కానీ, ఆకుపచ్చ సిరా పెన్ను మాత్రం ఆయన జేబు వదల్లేదు.

కిందటి జూన్‌లో ఉప్పల్ మెట్రో స్టేషన్ దగ్గర, చేపల తొట్లు అమ్మే కౌశల్ కొట్లో నేనొక ప్రాణిని కొన్నాను. చూడ్డానికి రొయ్యలా ఉంది, పీతకున్నట్టు డెక్కలున్నాయి. గోధుమరంగు ఒళ్లంతా పాలరాతి మీద ఉండేలాంటి చారలు. ఇదేమిటని అడిగాను.

"క్రేఫిష్ మేడం. ఏం రకమో నాగ్గూడ తెల్వది. పార్సిల్ల మస్తు వచ్చినయి, గిదొక్కటే మిగిలింది. గిసొంటిది మళ్ల దొరకది" అన్నాడు కౌశల్.

రకం తెలియదన్న మాట మా ఆయన చెవిన పడకుండా ఉండాల్సింది. నాలుగు రోజులు అన్నం దగ్గరికి కూడా భూతద్దంతోనే వచ్చారు. అటక మీది పుస్తకాలన్నీ దించారు. ప్రోకాంబరస్ అని తేల్చారు. అది ఇంటిపేరు లాంటిదట. సొంత పేరు మాత్రం తేలలేదు. నా తొట్టి పక్కన కుర్చీ వేసుకుని దాన్ని ముద్దాయిలా చూస్తూ కూర్చునేవారు.

జూలైలో దాని పొట్ట కింద గుడ్లు కనిపించాయి.

"ఇది ఒంటరిది కదండీ!" అన్నాను.

"కొట్లో మగదానితో కలిసి ఉంటుంది ఛాయా. ఇందులో వింతేముంది?" అన్నారు. నిజమే, అందులో వింతేమీ లేదు.

గుడ్లు పిల్లలయ్యాయి. మేడ మీద టబ్బులన్నీ వాటికే. బట్టలు బకెట్లో నానబెట్టుకోవాల్సి వచ్చింది. ఎవరికైనా పంచేద్దాం అన్నాను. మా ఆయన ఒప్పుకోలేదు. విదేశీ ప్రాణి, ఏ నాలాలోనో పడితే పెరిగిపోతుంది, మగా ఆడా చూసి విడదీయకుండా ఒక్కటి కూడా గడప దాటకూడదన్నారు. అవి వేలి కణుపంత అయ్యేదాకా ఆగి, ఒక్కొక్కదాన్నీ వెల్లకిలా తిప్పి పొట్ట కింద భూతద్దం పెట్టి చూశారు. ఆ పని మూడు రోజులు పట్టింది. మూడో రోజు సాయంత్రం మెట్లు దిగుతూ చిన్నపిల్లాడిలా నవ్వారు.

"నూట పన్నెండు ఛాయా! అన్నీ ఆడవే!"

"ఒక్క మగపిల్లాడు కూడా లేడా? అదెలాగండీ?"

"అరుదుగా జరుగుతుంది. మనకి మంచిదేగా, ఎక్కడ పడేసినా పిల్లలు పెట్టవు."

జువాలజీ చదవని నాకే ఎక్కడో గుచ్చుకుంది. ముప్ఫై ఏళ్లు చదువు చెప్పిన మనిషితో ఏం వాదిస్తాను? ఆయన చీటీలు చించి ఒక్కోదాని మీద 'ఆడది. పిల్లలు పెట్టదు' అని రాసి, కింద ఆకుపచ్చ సంతకం, తేదీ వేసి, సీసాతో పాటు ఇచ్చారు. కాలనీలో అడిగిన వాళ్లందరూ పట్టుకెళ్లారు. ఆదివారం మోపెడ్ మీద చేపలు తెచ్చే తిరుపతి కూడా టబ్బులోకి తొంగి చూశాడు. చెంగిచెర్ల అవతల కుంటలో చేపపిల్లల్ని పోసి పెంచుకునే ఎనిమిది కుటుంబాల్లో వాళ్లదొకటి.

"నాకు జరన్ని ఇయ్యిన్రి సార్, కుంటల ఏస్త. పెద్దగైతే అమ్ముకుంట" అన్నాడు.

"పెద్దవి అవుతాయి గానీ, పిల్లలు పెట్టవు తిరుపతీ. అన్నీ ఆడవే" అని ముప్ఫై లెక్కపెట్టి ఇచ్చారు. దానికీ ఒక చీటీ.

నేను మాత్రం బఠాణీ గింజంత ఉన్నప్పుడే ఒకదాన్ని తీసి, వంటింటి కిటికీలో పాత ఆవకాయ జాడీలో వేసుకున్నాను. గాజు జాడీ, లోపల అదొక్కటే. కూరలు తరుగుతూ దానితో కబుర్లు చెప్పేదాన్ని. మా ఆయన కంటే శ్రద్ధగా వినేది.

ఫిబ్రవరిలో మా ఆయన పాత విద్యార్థిని హరిణి వచ్చింది. తార్నాకలో ఏదో ల్యాబ్‌లో పని చేస్తోంది. కాఫీ కలుపుతుంటే వంటింట్లోకి వచ్చి జాడీ దగ్గర ఆగిపోయింది.

"మేడం, దీని కడుపు కింద గుడ్లున్నయి. దీన్ని ఎప్పుడన్న ఇంకోదాంతోని కలిపిన్రా?"

"పుట్టిన వారం నుంచి ఇందులో ఒంటరిగానే ఉంది" అన్నాను.

హరిణి పరీక్షకని దాని కాలి ముక్క కొంచెం స్పిరిట్ సీసాలో వేసుకుని వెళ్లింది. పది రోజులకి ఫోన్ చేసింది. మా ఆయన స్పీకర్ పెట్టారు.

"మార్బుల్డ్ క్రేఫిష్ సార్. ఈ రకంల మగవి అసలే ఉండవు. మగది లేకుండనే గుడ్లు పెడతయి, పిల్లలన్నీ తల్లికి నకళ్లే. ఒక్కటి చాలు సార్, చెరువు నిండనీకి."

ఎనిమిది నెలలు వెతికిన పేరు దొరికింది. ఆయన కనీసం దాన్ని కాగితం మీద రాసుకోలేదు.

ఆ సాయంత్రం నుంచి ఇల్లిల్లూ తిరిగి, చెప్పుకోవలసింది చెప్పుకుని, వాటిని వెనక్కి తెచ్చారు. బాధ తెలియకుండా చచ్చిపోతాయని డబ్బాల్లో వేసి ఫ్రీజర్‌లో పెట్టాం. నా జాడీలోదాన్ని నేనే పెట్టాను. నాకు ఏడుపొచ్చింది, సిగ్గుపడకుండా ఏడ్చాను.

ఇక తిరుపతి మిగిలాడు. హరిణి ముందే చెప్పింది: "కుంటల ఎవలేసిన్రో ఎవలకు తెలుస్తది సార్? మీరు ఫికర్ చేయకున్రి." నాకూ అదే మంచిదనిపించింది. ఆయన మాత్రం ఆ రాత్రి పక్క మీద దొర్లి దొర్లి, పొద్దున్నే చెప్పులేసుకున్నారు. ఒంటరిగా పంపలేక నేనూ ఆటో ఎక్కాను.

మమ్మల్ని చూడగానే తిరుపతి గట్టు మీదికి పరిగెత్తుకొచ్చాడు. చేతిలో బుట్ట, బుట్ట నిండా చారల డెక్కలు.

"సారూ, సల్లగుండాలె మీరు! పిల్లలు పెట్టయన్నరు గని, పెట్టినయి సూడున్రి! ఇత్తునమేసినట్టు వస్తున్నయి. మా ఎనిమిది ఇండ్లోళ్లు మీ పేరే తలుసుకుంటున్రు" అన్నాడు. బుట్ట కింద పెట్టి ఆయన కాళ్లకి దండం పెట్టబోయాడు.

ఇంతకంటే ఏం కావాలి? సంతోషంగా ఉన్న మనిషిని సంతోషంగా ఉండనిచ్చి వెనక్కి వచ్చేయొచ్చు. నేను ఆయన మోచేతి మీద గట్టిగా గిల్లాను. ఆయన చెయ్యి విడిపించుకున్నారు.

"తిరుపతీ, నేను తప్పు చెప్పాను. ఇవి చేపగుడ్లు తినేస్తాయి. కుంటలో నాచూ గడ్డీ మిగల్చవు. వచ్చే వానలకి నువ్వు పోసే చేపపిల్లలు నిలుస్తాయన్న నమ్మకం లేదు."

తిరుపతి నవ్వు ఇంకా ముఖం మీదే ఉంది. "మరి తీసేస్తే అయిపాయె గద సార్?"

"అన్నిటినీ తీయడం ఎవరి వల్లా కాదు."

తిరుపతి నావైపు చూశాడు, సార్ ఏదో వేళాకోళం ఆడుతున్నారని నేను చెబుతానేమోనని. నేను తల దించుకున్నాను. అతను బుట్టలోకి చూశాడు. తర్వాత నీళ్లకేసి చూశాడు.

"మీరే గద సార్ జెప్పింది" అన్నాడు.

"నేనే" అన్నారు మా ఆయన.