హోనోరా చేరిన ఊరు

సోర్చాను మట్టి చేసిన రోజుతో టీచరు డెర్వ్లాకు తల్లీ పోయింది, పిన్ని హోనోరా అమెరికాలో ఏ ఊరు చేరిందో తెలిసిన ఒకే ఒక్క మనిషీ పోయింది. ఎవరెక్కడికి వెళ్ళారో రాసిపెట్టిన చర్చి పుస్తకాలు ఎప్పుడో కాలిపోయాయి. అయినా సాక్షులకు కొదవ లేదు. ఐర్లాండులో మా మేయో వైపు, ఓడ ఎక్కేవాళ్ళను శవం దగ్గర చేసినట్టే ఊరంతా చేరి, పాటలతో, విస్కీతో రాత్రంతా జాగారం చేసి సాగనంపేవారు.

“హోనోరా జాగారమా? బ్రహ్మాండం టీచరమ్మా,” అన్నాడు పొరుగింటి ముసలి ఫెస్టస్. “ఫిడేలు వాయించేవాడు తాగి బురదగుంటలో పడ్డాడు. నేనే బయటికి లాగాను.”

“ఏ ఊరు వెళ్ళింది?”

“అమెరికా. అంత ఏడ్చి పంపించాక, ఇంకా అడ్రసు ఎవరడుగుతారమ్మా?”

ఊరంతా విచారిస్తే, ఆనాటి విస్కీ రుచితో సహా అన్నీ తెలిశాయి. అక్క పోయిన కబురు మాత్రం హోనోరా వాళ్ళకు ఇంకా చెప్పలేదు.