కోడి పడని చెట్టు

దూలయ్యకు ఆ మాఘమాసంలో కోపం వచ్చింది మనుషుల మీద కాదు, కోళ్ల మీద. ఎటు తిరిగినా కోడే అడ్డం వచ్చింది. నవ్వకండి, ఆయన కూతురి పెళ్లి ఆగిపోయేంత పని చేసింది కోడి.

దూలయ్యది సారపాకకు పది మైళ్ల లోపల అడవిలో ఉన్న గూడెం. ఆయనకు కల్లు గీసే జీలుగు చెట్లు ఏడు, రెండెకరాల పోడు, శ్రావణి అనే ఒక్కగానొక్క కూతురు. వాగవతల గూడెంలో పోతయ్య ఉంటాడు. ఆయన కొడుకు సతీష్ కాగితం మిల్లులో లారీల నుంచి వెదురు దించే కాంట్రాక్టు పనికి పోతాడు. పిల్లా పిల్లవాడూ ఇష్టపడ్డారు, రెండిళ్లలోనూ కాదన్నవాళ్లు లేరు. మిగిలింది ఒక్కటే. ఆ గూడేల్లో సంబంధం ఖాయం కావాలంటే ఇద్దరు తండ్రులూ పెద్దల ముందు కూర్చుని ఒకే సొరకాయ బుర్రలోని కల్లు తాగాలి. బుర్ర చేతులు మారిందా, కుదిరినట్టు. ఒకరు తాగి ఒకరు తాగలేదా, కుదరనట్టే. ఎంత ఏడ్చినా అంతే.

పోతయ్యతో కల్లు తాగడం ఒకప్పుడు దూలయ్యకు పెద్ద పనా? బావా అంటే బావా అనుకుంటూ ముప్పై ఏళ్లు ఒకే చెట్టు కింద తాగి, ఒకే కోడిని కాల్చుకు తిన్నవాళ్లు. మూడేళ్ల కిందట పోతయ్య భార్యకు మలేరియా మెదడుకెక్కింది. భద్రాచలంలో దవాఖానా మంచం మీద ఐదు రోజులు కళ్లు తెరవలేదు. ఆ వరండాలో నిలబడి పోతయ్య మొక్కుకున్నాడు, ఆమె లేచి కూర్చుంటే ఇక తన నోటి కోసం ఏ ప్రాణీ చావదని. ఆమె లేచి కూర్చుంది. ఇప్పుడు శుభ్రంగా వాగు దాటి చేనుకు పోతోంది. పోతయ్యా మాట మీదే ఉన్నాడు. మాంసం మానాడు, చేప మానాడు, గుడ్డు మానాడు, పొగబెడితే తేనెటీగలు చస్తాయని తేనె కూడా మానాడు. పాలంటారా, దూడ నోటి దగ్గరిది పిండుకుని తాగడమేమిటని వాళ్ల ఇళ్లలో తాతల నాటి నుంచీ ముట్టరు.

మరి కల్లుకేమొచ్చింది, చెట్టు నుంచి కారేదే కదా అంటారేమో. అక్కడే ఉంది తిరకాసు. కొత్త చెట్టు గీసే రోజు దాని మొదట్లో కోడిని కోసి, రెండు బొట్ల నెత్తురు కల్లు పట్టే కుండకు, అదే లొట్టికి, అంటించాకే కత్తి పెట్టాలి. కోడి పడని చెట్టు ఆ చుట్టుపక్కల లేదు. ఆ కోళ్లలో సగం పోతయ్య తన చేతులతో కోసినవే. అందుకే కొడుకు చేత కబురు పంపాడు. "కోడి కోసిన చెట్టు కల్లు నాకొద్దు బావా. ప్రాణం పోకుండ చేసింది ఇంకేదైనా సరే, తాగుత. తాగినట్టు నటించుడు మాత్రం నాతోని కాదు."

"మూతి తడుపుకుంటే సరిపోదా? ఏం మనిషయ్యా మా అన్న!" అంది దూలయ్య భార్య నాగక్క.

"మొక్కు ఆయనది, మూతి ఆయనది. నీకేంది మధ్యల?" అన్నాడు దూలయ్య. పోతయ్యను తను నానా మాటలూ అంటాడు గానీ ఇంకొకరు అంటే మాత్రం పడదు.

ముందు సతీష్‌ను వెంటబెట్టుకుని సారపాకలో బ్రాందీ షాపుకు పోయాడు. కటకటాల వెనక ఉన్నవాణ్ణి, "అన్నా, మాంసం తిననోళ్లు తాగేది ఏదన్న ఉందా?" అని అడిగాడు. వాడు కాసేపు ఎగాదిగా చూసి, "పెద్దాయనా, ఇది కూరగాయల దుకాణం అనుకున్నవా?" అన్నాడు. లైనులో ఉన్నవాళ్లంతా పకపకా నవ్వారు. సతీష్ బీరు సీసా తిప్పి తిప్పి చదివాడు. తయారైన తేదీ ఉంది, తాగితే ఆరోగ్యం చెడుతుందని ఉంది, ప్రాణం సంగతి లేదు.

"మా మిల్లుల ఇంజనీరు సారు చెప్పిండు మామా. కొన్ని బీర్లు, కొన్ని వైన్లు తేట చేసేటందుకు చేప కడుపుల తిత్తి వాడుతరంట. ఏ సీసకు వాడిండ్రో పైన రాయరంట," అన్నాడు సతీష్.

"చేప తిత్తా! గా చదువుకున్నోళ్లకు బట్టతోని వడగట్టుడు తెల్వదా?" అని దూలయ్య సీసా వెనక్కి ఇచ్చేశాడు.

తండాలో రూప్లి ఇప్పపూల సారా కాస్తుంది. పూలు, నీళ్లు, నిప్పు, అంతకంటే ఏమీ లేదని ఆమె ప్రమాణం చేసింది. దూలయ్య ముఖం విప్పారింది. అంతా బాగానే ఉంది గానీ, వచ్చేముందు కుండ ఎక్కడిదని అడిగాడు. అడగకుండా ఉంటే పోయేది. "మొన్న పండుగకు మేకను వండినం గదనే, గదే పెద్ద కుండ," అంది రూప్లి.

చివరికి సతీష్ వాళ్ల సూపర్‌వైజర్ ఆంథోని ఇంటికి పోయారు. ఆయన భార్య మరియ ఏటా క్రిస్మస్‌కు ఇంట్లోనే ద్రాక్ష వైను చేస్తుంది. జాడీలో ఇంకా సగం ఉంది. గాజు గ్లాసులో పోసి ఇస్తే, అవతలున్న గోడ కనబడేంత తేటగా ఉంది. దూలయ్య ఒక్క గుక్క తాగి, ఇక కూతురి పెళ్లి అయిపోయిందనుకున్నాడు.

"చెల్లె, గింత తేట ఎట్ల చేసినవే?"

"అది మా అమ్మ నేర్పిన ఉపాయం అన్నా," అని మరియ సంబరంగా చెప్పింది. "కోడిగుడ్డు తెల్లసొన గిలక్కొట్టి పోస్తే మడ్డంతా అడుక్కి దిగుద్ది."

దూలయ్య గ్లాసు కింద పెట్టి తల పట్టుకున్నాడు. "ఇక్కడ గూడ కోడేనా తల్లీ!" అన్నాడు. సంగతి విన్న మరియ నొచ్చుకుని, వచ్చే ఏడాది గుడ్డు లేకుండా ఒక జాడీ వేరే పెడతానంది. వచ్చే ఏడాదిదాకా శ్రావణి ఆగాలి కదా.

ఇంటికి వస్తూ వస్తూ దూలయ్య ఒక నిర్ణయానికి వచ్చాడు. వాగు మలుపులో ఆయనదే ఎనిమిదో జీలుగు చెట్టు ఒకటి ఆ ఏడే గెల వేసింది. దానికి ఇంకా కత్తి పెట్టలేదు. మర్నాడు ఎవరికీ చెప్పకుండా, నాగక్కకు కూడా చెప్పకుండా, కోడి లేకుండా ఎక్కి గీశాడు. ఆయన తండ్రి చేయలేదు అట్లా, తాత చేయలేదు. "తల్లీ, ఈ ఒక్కపాలికి ఓర్సుకో," అని చెట్టును కౌగిలించుకుని మరీ అడిగాడు. ఈగలూ చీమలూ పడి చావకుండా లొట్టి మూతికి కొత్త బట్ట కట్టాడు. నాలుగు రోజులకు తెల్లగా, తియ్యగా ధార మొదలైంది.

ఆదివారం పొద్దున్నే పోతయ్య, ఆయన భార్య, సతీష్, నలుగురు చుట్టాలు వాగు దాటి వచ్చారు. పెద్దమనిషి గంగయ్య మధ్యలో కూర్చున్నాడు. దూలయ్య బుర్ర నింపి తెచ్చి పోతయ్య చెవిలో, "తాగు బావా, దీనికి కోడి పడలే," అన్నాడు. చెవిలో చెప్పాననే అనుకున్నాడు. చెట్ల మీది నుంచి కేకలేసే గొంతు ఆయనది.

గంగయ్య చేయి అడ్డం పెట్టాడు. "ఏందీ? కోడి పడలేదా?"

నాగక్క మొగుడి వంక చూసిన చూపు చెప్పనలవి కాదు.

"కోడి పడని చెట్టు కల్లు మన పోయిన పెద్దలు ముట్టరు. పెద్దలు ముట్టనిది మేం ముట్టం. గీ బుర్ర మీద సంబంధం కలుపుడు నాతోని కాదు," అని గంగయ్య కండువా దులిపి లేచాడు. తలుపు చాటున శ్రావణి ముఖం పాలిపోయింది.

పోతయ్య లేచి గంగయ్య దారికి అడ్డంగా నిలబడ్డాడు. "ఆగు పెద్దయ్యా. కోడిని కోసే ముందు ఏం చేస్తం?"

"బియ్యం చల్లుతం."

"ఎందుకు?"

"కోడి గింజ ముడితే పెద్దలు ఒప్పినట్టు. గది గూడ మర్చినవా?"

"మర్వలే. పెద్దలు ఒప్పేది గింజ కాడ. కత్తి తర్వాత సంగతి. నేను నూరు కోళ్లు కోసిన పెద్దయ్యా, తెలిసి చెప్తున్న. కోసుడు మన కూర కోసం. కోడిని పెడదాం, గింజ చల్లుదాం. ముడితే దాన్ని చెట్టుకే ఇడిసిపెడదాం."

గంగయ్య గడ్డం గోక్కున్నాడు. "సరే, గని ఒక్కటి. పెట్టిన కోడిని మార్చొద్దు," అన్నాడు.

అందరూ బుర్ర పట్టుకుని చెట్టు దగ్గరికి నడిచారు. చేతికి అందిన కోడిని దూలయ్య చంకలో పెట్టుకొచ్చాడు. చెట్టు మొదట్లో దించి బియ్యం చల్లాడు. కోడి బియ్యం వంక చూసింది, దూలయ్య వంక చూసింది, మెడ ముడుచుకుని కూర్చుంది.

"అయ్యో నీ తెలివి పాడుగాను! దీనికి ఇప్పుడే దోసెడు తవుడు పెట్టిన!" అని నాగక్క నెత్తి కొట్టుకుంది.

మార్చకూడదు కాబట్టి ఇక చేసేదేముంది? కడుపు నిండిన కోడికి ఆకలయ్యేదాకా పెళ్లిపెద్దలంతా చెట్టు చుట్టూ కూర్చున్నారు. ఎండ ఎక్కింది. ముసలాళ్లు కునుకు తీశారు. బావలిద్దరూ మూడేళ్ల తర్వాత పక్కపక్కన కూర్చున్నారు, కళ్లు మాత్రం కోడి మీదే.

"నన్నెందుకు పిలుసుడు బంద్ చేసినవ్ బావా?" అన్నాడు పోతయ్య మెల్లగా.

దూలయ్య గడ్డిపోచ తెంపాడు. "నువ్వు కూసుంటే మేం తినుడెట్ల అనుకున్న. నీకు బాధ అనుకున్న. సిగ్గయింది."

"అందరు పిలిసిండ్రు. పిలిసి, ఉట్టి అన్నం ముందర పెట్టి నవ్విండ్రు. నువ్వు పిలువలే, గని నా కోసం చెట్టుకు గూడ ఎదురు తిరిగినవ్. కల్లు మానుతనని నేను మొక్కలే బావా. కోడి లేని చెట్టు నా దొడ్లనే ఒకటి పెట్టుకుందునేమో. ఒక్కణ్నే కూసుని తాగబుద్ధి కాలే."

దూలయ్యకు మూడేళ్లు పోగొట్టుకున్నందుకు తన మీద తనకే ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది. పోతయ్య మోకాలి మీద చేయి వేసి అట్లాగే ఉంచాడు.

"ముట్టింది!" అని శ్రావణి అరిచింది. పెళ్లికూతురు అట్లా అరవకూడదని కూడా మరిచిపోయింది. కోడి ఒక గింజ ముట్టింది, ఇంకోటి ముట్టింది, ఆ తర్వాత టకటకా మొత్తం ఏరుకుని తినసాగింది. గంగయ్య నిద్రలోంచి లేచి, కళ్లు నులుముకుని, "ఒప్పిండ్రు, కానీయుండ్రి," అన్నాడు.

పోతయ్య బుర్ర అందుకుని రెండు గుక్కలు తాగాడు. కళ్లు మూసుకున్నాడు. ముఖమంతా ముడుచుకుపోయింది. పొద్దుటి నుంచి ఎండలో ఉన్న కల్లు మరి.

"ఎట్లుంది బావా?" అన్నాడు దూలయ్య ఆత్రంగా.

"చింతపండు పులుసు తీరుగుంది," అన్నాడు పోతయ్య కళ్లు తుడుచుకుంటూ. బుర్ర మాత్రం వెంటనే ఇవ్వలేదు. ఇంకో గుక్క తాగాకే వియ్యంకుడి చేతికిచ్చాడు.