ఇంజను తిరిగినంతసేపే

మా మనవరాలు విమానం నడపడం నేర్పుతుందంటే వినేవాళ్ళు ముందు నా పాత చీర కేసి చూసేవారు. తర్వాత దాని జీతమెంతో అడిగేవారు. జీతమంటూ లేదని చెబితే దాస్తున్నాననుకునేవారు.

అప్పట్లో దానికి ఇంజను తిరిగినంతసేపే డబ్బు. విమానంలో చిన్న మీటరు ఒకటుంటుంది, లెక్కంతా దానిదే. చీకటితో వెళ్ళి, టైర్లూ నూనే చూసుకుని, శిష్యుడికి బోర్డు మీద పాఠం చెప్పి, గాలి తగ్గేదాకా రేకుల షెడ్డులో కూర్చుంటే, కూర్చున్నదానికి పైసా వచ్చేది కాదు. మబ్బు పట్టిన రోజు ఉత్త చేతులతో ఇంటికి వచ్చేది. అందుకే నేను లేస్తూనే కిటికీ దగ్గరికి పోయి ఆకాశం చూసేదాన్ని.

"దేవుడికి దణ్ణం పెడుతున్నావా అమ్మమ్మా?" అనేది మంచం మీద నించే.

"నీ ఇంటద్దెకి పెడుతున్నానే."

వాళ్ళమ్మ, అంటే నా కూతురు, పోతూ వదిలిన చిన్న ఫ్లాటు అమ్మి అది విమానం నడపడం నేర్చుకుంది. నేర్పాలంటే ఇంకో లైసెన్సు కావాలట, దానికి బ్యాంకు అప్పు. ఇప్పుడు టైర్ల కొట్టు మీద రెండు గదుల్లో ఉంటున్నాం. కింద సుత్తి దెబ్బ పడినప్పుడల్లా మా గిన్నెలు కదులుతాయి.

నేను చెప్పబోయే ఆ నెలాఖరుతో దాని నేర్పే లైసెన్సు గడువు అయిపోతోంది. మళ్ళీ పరీక్షకి కూర్చోవాలి. పరీక్ష పెట్టే ఆయన ఫీజు, ఆ పూట విమానం అద్దె, రెండూ దాని నెత్తినే. డబ్బు చేరకపోతే నేర్పడం ఆగుతుంది. నేర్పడం ఆగితే డబ్బు పుట్టే దారి ఉండదు. శిష్యులు చూస్తే ఒక్కొక్కరే జేబులు ఖాళీ అయి మానేశారు. మిగిలింది పళ్ళ డాక్టరు ఒక్కడే. యాభై దాటిన మనిషి, డబ్బుకి లోటు లేదు, భయానికీ లోటు లేదు. ఆయన ఇంకో నెల వస్తే పరీక్ష గట్టెక్కుతుందని నేను వేళ్ళ మీద లెక్కేసుకుంటున్నాను.

అలాంటిది, ఒక సాయంత్రం అన్నం తింటూ అంది: "రేపు డాక్టరు గారిని ఒక్కణ్ణే పైకి పంపిస్తున్నా."

"మరి నువ్వు?"

"కింద నిలబడతాను."

"నిలబడితే డబ్బిస్తారా?"

"ఇవ్వరు. ఇక మీదట ఆయన చాలా గంటలు ఒక్కడే తిరగాలి. ఆ మీటరు నాది కాదు."

కలిపిన ముద్ద కంచంలో పెట్టేశాను. "ఇంకో నెల పక్కన కూర్చోవే. ఆయనే బతిమాలుతున్నాడన్నావుగా."

"రెండు వారాల నించీ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటున్నా. అంతా ఆయనే చేస్తున్నాడు. చేసి నా మొహం చూస్తున్నాడు. ఇంకా కూర్చుంటే నా మొహం లేకుండా దిగడం ఎప్పటికీ రాదు."

"రాకపోతే నీకే మంచిది కదే."

అది నవ్వింది. "నువ్వు మా విమానాల ఓనరు దగ్గర చేరాల్సింది అమ్మమ్మా. మంచి పోస్టు ఇచ్చేవాడు."

నాకొక పాడు అలవాటుంది. ఎవరైనా బయల్దేరుతుంటే ఒక చెప్పు దాచేస్తాను. వెతుక్కునే ఆ కాసేపైనా ఉంటారని. నా కూతురి విషయంలో అలా దాచే వ్యవధి కూడా దొరకలేదు. మర్నాడు పొద్దున్నే మనవరాలి బూటు ఒకటి బియ్యం డబ్బా వెనక పెట్టాను. అది ఏమీ అడక్కుండా తిన్నగా వెళ్ళి తీసుకుంది.

"నువ్వూ రా. ఇంట్లో ఉంటే ఫోను చూసి చూసి బీపీ తెచ్చుకుంటావు."

షెడ్డులో పళ్ళ డాక్టరు దిండు ఒకటి చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. పొట్టి మనిషి, సీట్లో అది వేసుకుంటే గాని ముందు కనబడదట. విషయం వినగానే పర్సు తీశాడు.

"మేడమ్, ఇంకో పది పాఠాలకి ఇప్పుడే కట్టేస్తాను. మీరు మాట్లాడక్కర్లేదు. పక్కనుంటే చాలు."

ఆ పర్సు నా కళ్ళ ముందే తెరిచి ఉంది. మనవరాలు దానికేసి చూసింది. చూడలేదని నేననను. చూసి, పక్కకి తిరిగి నీళ్ళు తాగి వచ్చింది.

"లోపల పెట్టేయండి డాక్టరు గారూ. మీరు పన్ను పీకేటప్పుడు మీ గురువు గారు ఇంకా చెయ్యి పట్టుకుంటున్నారా?"

"ఆయన పోయి చాలా ఏళ్ళయింది మేడమ్."

"మరి పళ్ళు ఊడుతున్నాయిగా?"

ఆయన పర్సు మూసి జేబులో పెట్టుకున్నాడు.

ముందు ఇద్దరూ కలిసి రెండు మూడుసార్లు లేచి దిగారు. తర్వాత విమానం పక్కకొచ్చి ఆగింది గాని ఇంజను ఆగలేదు. మనవరాలు దిగి, తన ఖాళీ సీటు బెల్టు బిగించి, తలుపు దగ్గర వంగి ఏదో చెప్పి, గడ్డిలోకి నడిచి వచ్చింది.

"ఏం చెప్పావే?"

"నేను దిగితే బరువు తగ్గుతుంది. ఆయన అనుకున్న దానికంటే ముందే లేస్తుంది. కంగారు పడొద్దు, అది మామూలే అన్నాను."

నిజంగానే ముందే లేచింది. ఒక చుట్టు తిరిగి దిగడానికి వచ్చింది. మనవరాలి కుడిచెయ్యి, లేని హ్యాండిలు పట్టుకున్నట్టు కొద్దికొద్దిగా కదులుతోంది. నేను ఆ చేతినే చూస్తూ నిలబడ్డాను. విమానం నేలకి తగిలి ఒకసారి ఎగిరి, మళ్ళీ కుదురుకుంది.

"భయం వెయ్యలేదా?"

"వేసింది," అంది. అని ఉన్నచోటే గడ్డిలో కూలబడింది.

నెలాఖరుకి డబ్బు చేరలేదు. గడువు దాటిపోయింది. ఓనరు జాలిపడి షెడ్డు ముందు గదిలో ఫోన్లెత్తే పని ఇచ్చాడు. ఇప్పుడు దానికి మబ్బున్నా లేకపోయినా నెల జీతం. అద్దె పోను మిగిలింది కూడబెట్టి పరీక్షకి కూర్చోవాలంటే, వచ్చే ఏడాదే. ఫోను మాట్లాడుతూ మాట్లాడుతూ పైన చప్పుడు వింటే, "మన డాక్టరు గారే," అంటుందట, చూడకుండానే.

ఆఫీసుకి చెప్పులు చాలు. బూట్లు మంచం కింద ఉన్నాయి. నేను వారానికోసారి తుడిచి గుమ్మం దగ్గర పెడతాను. అది వచ్చి మళ్ళీ మంచం కిందకి తోసేస్తుంది.